ఎర్తు

బెంజి సర్కిల్లో ఆగిపోయింది.
బెంజి కాదు, పాత గోల్ఫు,
నాకంటే రెండేళ్లు చిన్నది,
స్టీరింగు ఎడమ పక్కన.
ఆటోకి తాడు కట్టి ఆటోనగర్ దాకా లాక్కొచ్చారు.
ఆదివారం. షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి.
నాదొక్కటే సగం లేచి ఉంది,
ఇంట్లో కరెంటు పోయిందని వచ్చి కూర్చున్నాను.

దిగింది ఒకావిడ, యాభై దాటి ఉంటాయి.
మే నెల ఎండకి భుజాలు కమిలిపోయాయి.
జార్జియా, అంది.
అమెరికానా? అన్నాడు నాగూరు.
కాదని ఫోన్లో కొండలు చూపించింది.
పేరు నానా అట.
మా అమ్మ వాళ్ల నాన్నని నేను పిలిచే పిలుపు అది.
ఆయన అత్తరు వాసన గుర్తొచ్చి
ఎందుకో లేచి స్టూలు వేశాను.

తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది.
హెడ్‌లైట్లు వేస్తే ఇండికేటర్లు గుడ్డిగా వెలిగాయి.
హారను కొడితే వైపరు అంగుళం లేచి
సిగ్గుపడి పడుకుంది.
దెయ్యం పట్టింది సైదా భాయ్, అన్నాడు నాగూరు.

టెస్ట్ ల్యాంపు తీసి బ్రౌను వైరు గుచ్చాను.
అంబాసిడర్లో బ్రౌనంటే నిప్పు.
బ్యాటరీ నుంచి సూటిగా వస్తుంది, మధ్యలో ఫ్యూజు కూడా ఉండదు.
దావీదు మేస్త్రి మొట్టమొదట వల్లె వేయించిన రంగు అదే,
తప్పితే వేళ్ల మీద స్పానరు పడేది.
ఇక్కడ ల్యాంపు వెలగలేదు.
ఇంకో బ్రౌను. వెలగలేదు.
నానా నా చెయ్యి పక్కకి తీసి
వంగి, నేలని అరచేత్తో రెండుసార్లు తట్టింది.
నూనె ఇంకిన ఆటోనగర్ మట్టి ఆమె చేతికంటింది.
ఓహో.
వాళ్ల బండ్లలో బ్రౌనే ఎర్తు.
నలభై మూడేళ్లొచ్చాక
ఒక రంగుని మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

ఇంకోసారి తిప్పమన్నాను.
ఈసారి క్లచ్చి కేబులు పొగలేచింది.
ఉత్త ఇనుప తీగ, దానికి కరెంటుతో ఏం పని?
పని ఉంది.
బయల్దేరిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి కదా.
ఉన్న దారి తెగితే ఆగిపోదు,
ఏ సందు దొరికితే అందులో దూరుతుంది,
ఇండికేటరు బల్బుల్లోంచి, వైపరు మోటార్లోంచి,
ఆఖరికి క్లచ్చి తీగని కాల్చుకుంటూ అయినా.

కిందకి దూరాను.
గేరుబాక్సుకీ బాడీకీ మధ్య
జడలా అల్లిన రాగి పట్టీ,
పచ్చగా చిలుము పట్టి
రెండు పోగుల మీద వేలాడుతోంది.
తాకగానే ఊడి నా ముక్కు మీద పడింది.

నాగూరు గోడ దూకి
వెంకట్రాజు తుక్కు యార్డులోంచి
లేలాండు లారీది ఒకటి విప్పుకొచ్చాడు.
రేపు చెబుదాంలే.
పొడవెక్కువ, కోశాను.
లగ్గు తొడిగి సుత్తితో నొక్కి సీసం పోశాను.
ఎమరీ కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి
బోల్టు బిగించాను.
చిలుము పట్టకుండా పూయాలి, నా డబ్బా అయిపోయింది.
నానా చేతిసంచీలోంచి
పెదవులకి రాసుకునే వ్యాజ్‌లైను తీసిచ్చింది.

తాళం.
నల్లగా ఒక దగ్గు దగ్గి లేచింది డీజిలు బండి.
నాగూరు ఈల వేశాడు.
ఆమె మాత్రం స్టీరింగుకి నుదురానించి
చాలాసేపు తల ఎత్తలేదు.
నేను స్పానర్లు సర్దుతున్నట్టు నటించాను,
సర్దినవే మళ్లీ సర్దాను.

మూడొందలు చాలన్నాను.
అయిదొందలిచ్చి, పైన ఒక సీసా ఇచ్చింది.
ఎర్రటి ముద్ద. మూత తీస్తే మిరపకాయ!
గుంటూరు చుట్టుగుంటలో
మిర్చి బస్తాల మధ్య తుమ్ముతూ పెరిగినవాడికి.
రుచి చూడమని కళ్లలోకి చూస్తూ నిలబడింది.
వేలితో నాకాను.
వెల్లుల్లి ఉంది, ఉప్పెక్కువ, కారం లేదు.
అబ్బో, అన్నాను.
కళ్లు కూడా తుడుచుకున్నాను.

ఏలూరు రోడ్డు ఎటంది.
కుడికి చెయ్యి చూపించాను.
మలుపు దగ్గర కుడి ఇండికేటరు చక్కగా కొట్టుకుంది,
బండి ఎడమకి తిరిగింది.
అది మాత్రం వైరింగు తప్పు కాదు.
ఎండలో వెనకాల పరిగెత్తుతున్నాడు నాగూరు,
నానా, నానా అని అరుచుకుంటూ.